దుర్గకొకటి

ఈ కథ మొదలై పద్నాలుగు వారాలైంది. ఇంతవరకూ ఇందులో ఒక్క అబద్ధం కూడా దొర్లలేదని నూజివీడు రసాల మీద ఒట్టేసి చెప్పగలను. రసాల మీద ఒట్టేసి బొంకితే మరుసటేడు ఆ చెట్టు కాపు కాయదు. కావలిస్తే వచ్చే వేసవిలో వచ్చి చూసుకోండి.

పోయిన వారం ఆంజనేయుల్ని మామిడితోటలో, నలభైమంది ఆడవాళ్ల మధ్య నిలబెట్టి వెళ్లిపోయాను. పాపం, ఎనభై ఏడో సంవత్సరపు మే నెల ఎండలో వారం రోజులుగా అలాగే నిలబడి ఉన్నాడు. కథ మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. కొత్తగూడెం బొగ్గు గనిలో ల్యాంపు రూము ఉద్యోగం అతనిది. లోపలికి దిగేవాళ్ల టోపీలకి పెట్టుకునే దీపాలు లెక్కపెట్టి ఇవ్వాలి, పైకొచ్చాక లెక్కపెట్టి తీసుకోవాలి. మిగతా వేళంతా గిటారుతోనే. డోర్నకల్లులో ఒక రైల్వే గార్డు వదిలించుకున్న గిటారు అది. భుజానికి తగిలించుకునే పట్టీ మాత్రం అరిగిపోయిన దీపం బెల్టు. పల్లెపదాలకి ఇంగ్లీషు వాయింపు కలిపి, తన పాట తనే కట్టి, తనే పాడి, ఏ కంపెనీ గుమ్మమూ ఎక్కకుండా తనే క్యాసెట్లు చేసి, బస్టాండుల్లో తనే అమ్ముకుంటాడు. క్యాసెట్టు అట్ట మీద తండ్రి పేరుతో సహా ఇంటి చిరునామా, దాని కింద 'ఆంజనేయులు ఎవరి పాటా పాడడు' అన్న మాట అచ్చు వేయించాడు.

అలాంటి మనిషికి నూజివీడు నుంచి కార్డు ముక్క వచ్చింది. 'నువ్వు పాడిన దీపాల పాట నాది. దొంగవి కాకపోతే వచ్చి నా ముందు పాడు. ఇట్లు, కాయలు లెక్కపెట్టే బసవమ్మ.' చదివిన మర్నాడే సెలవు పెట్టాడు. చింతలపూడి మీదుగా రెండు బస్సులు మారి వచ్చి పడ్డాడు.

బసవమ్మకి యాభై దాటి నాలుగైదేళ్లు ఉంటాయి. మామిడి సొన కాలిస్తే పడిన మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి. గుట్టగా పోసిన చిన్నరసాల ముందు గోనె పరుచుకుని కూర్చుని, వచ్చినవాణ్ణి కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చూసింది. కూర్చోమనలేదు.

"భుజాన అదేంటయ్యా?" అంది పక్కనున్న తులసమ్మ.

"గిటారండి."

"కడుపుకి అంత చిల్లు పడితే మాటు వేయించుకోలేదేంటి?"

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆంజనేయులు గనిలో ఎన్నో వేళాకోళాలు తిన్నవాడే గానీ, మొగాళ్ల వేళాకోళం వేరు, మామిడితోటలో ఆడవాళ్ల వేళాకోళం వేరు. గని పైకప్పు విరిగిపడితే తప్పుకోవడానికి పక్కకో దారి ఉంటుంది.

"నువ్వు పాడేదాన్ని ఏమంటారు?" మళ్లీ తులసమ్మే.

"జానపదంలో రాక్ కలిపాను."

"రాకా? మరి పోక ఎప్పుడు?"

"వచ్చిన పని తేలితే సాయంత్రం బస్సుకేనండి," అన్నాడు ఆంజనేయులు. ఈసారి నవ్వు కాస్త మెత్తగా వచ్చింది. బసవమ్మ మాత్రం నవ్వలేదు.

అప్పుడే ప్రభాకరరావు స్కూటరు దిగాడు. తోట కౌలుకి తీసుకున్న నూజివీడు కాయల వర్తకుడు ఆయనే. హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ నిలిపి టీ తాగుతూ ఈ క్యాసెట్టు కొన్నది ఆయన డ్రైవరే. గంపలెత్తడానికి వచ్చిన బసవమ్మ అది మోగుతుంటే విని కొయ్యబారిపోయిందీ ఆ లారీ దగ్గరే.

"పంచాయితీ తొందరగా తేల్చండమ్మా, లారీ వచ్చేస్తోంది," అని, చూడకుండా మాత్రం వెళ్లలేక, చెట్టు మొదట్లో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

"పాడు," అంది బసవమ్మ.

ఆంజనేయులు గిటారు సర్దుకున్నాడు. కొత్తగూడెంలో రెండువేలమంది ముందు పాడినప్పుడు లేని భయం పట్టుకుంది. ఈ ముసలామె 'ఇది నాదే' అని రుజువు చేస్తే, అట్ట మీది అచ్చు మాట కాస్తా నవ్వులపాలవుతుంది. అది పోతే పోనీ. ఏడేళ్లుగా ఆ మాట మీద నిలబడే కదా తను పాటగాణ్ణి అనుకుంటున్నది. కుడికాలు నేలకేసి తాళం తట్టాడు. ఎండుటాకులు చప్పుడు చేశాయి.

లాభం, రెండు, మూడు, నాలుగు
లోపలికెళ్లిన దీపాలు
అయిదూ, ఆరూ, ఆరున్నొకటీ
అమ్మలు చూసే దీపాలు
దుర్గకొకటీ, తొమ్మిదీ, పదీ
దిగినన్నీ పైకొస్తే చాలు

రెండో చరణం అందుకునేసరికి ఒక వింత జరిగింది. కాయల గుట్టకి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరి చేతులు వాటంతటవే కదిలాయి. రెండు చేతుల్లో రెండేసి కాయలు, తాళం పడ్డప్పుడల్లా గంపలోకి. ఎవరూ చెప్పలేదు. పాట ఆగేసరికి చేతులూ ఆగాయి. వాళ్లే తమ చేతుల వంక చూసుకుని సిగ్గుపడ్డారు.

ఇక్కడొక చిన్న సవరణ. నలభైమంది అని రాశాను గదా, పదకొండుమంది. ఆంజనేయులికి నలభైమందిలా కనిపించారు, నేనూ అతని కళ్లతోనే చూసి రాశాను. ఒట్టు సంగతంటారా, ఏదో ఒక చెట్టు ఒక ఏడాది కాయకపోతే లోకం మునిగిపోదు లెండి.

బసవమ్మ ప్లీడరులా మొదలుపెట్టింది.

"ఈ పాట నువ్వే కట్టావా?"

"నేనే కట్టానండి. ల్యాంపు రూములో కూర్చుని."

"దీపాలిచ్చేటప్పుడు మొదటి దీపాన్ని ఏమని లెక్కపెడతావు?"

"ఒకటి అని."

"మరి పాటలో లాభం ఎందుకైంది?"

"మంచి మాట కదండీ. కొలిచేవాళ్లందరూ అంటారుగా."

"సరే. ఆరు తరవాత?"

"ఏడు."

"మరి ఆరున్నొకటి ఎక్కణ్ణించి ఊడిపడింది?"

ఆంజనేయులు తడబడ్డాడు. "తాళానికి సరిపోయిందండి. ఏడు అంటే రెండక్షరాలే. ఖాళీ మిగిలిపోతుంది."

"వింటున్నారా? ఖాళీ మిగిలిపోతుందంట!" బసవమ్మ పదకొండుమందినీ సాక్ష్యానికి పిలిచినట్టు చెయ్యి తిప్పింది. "అబ్బాయి, లెక్క నడుస్తుండగా ఈ తోటలో ఏడు అనే మాట పుట్టదు. ఏడు అంటే ఏడవమని. కాయ మీద ఏడుపు పడితే గంప చేరకుండానే కుళ్లుతుందని మా ముఠాలో ఆరు మీద ఒకటి అంటాం. బొగ్గుకి ఏడుపు పడితే ఏమవుతుంది?"

"ఏమీ అవదండి. బొగ్గు ముందే నల్లగా ఉంటుంది."

ఇంతలో ప్రభాకరరావు కలగజేసుకున్నాడు. "పోనీవమ్మా. ఆరున్నొకటి మీ ఒక్కరి సొత్తా? ధాన్యం కొలిచేవాళ్లూ అంటారు. అసలు ఆ పాటలో గొప్పదనం దుర్గమ్మ తల్లి పేరు తల్చుకోవడం. ఆ చరణం కోసమే డ్రైవర్లు క్యాసెట్టుకి కుంకంబొట్టు పెడుతున్నారు. మా లారీలో అయితే రెండు నెలల్నుంచి రోజూ అగరొత్తులు వెలిగిస్తున్నాం."

"అవునండి, బెజవాడ దుర్గమ్మే," అన్నాడు ఆంజనేయులు ఆసరా దొరికినట్టు. "గనిలోకి దిగేముందు దేవుడి వాటా ఒకటి తీసి పక్కన పెడతాం గదా, అలాగ."

అప్పుడు నవ్వారు. ముందటి కిసుక్కులు కావవి. తులసమ్మ గుట్ట మీద వాలిపోయింది, నాలుగు కాయలు దొర్లిపోయాయి. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. బసవమ్మ మొహంలో ప్లీడరు ఎటో పోయి, పాతికేళ్ల పిల్ల ఒకత్తి బయటికొచ్చింది.

"దుర్గమ్మ తల్లి కాదయ్యా, మా దుర్గ! నాకన్నా రెండేళ్లు చిన్న. నాతోనే కాయలు లెక్కపెట్టేది. ఎనిమిదో కాయ వచ్చిందంటే దాని నోరు ఆగేది కాదు. కొరికి పారేసేది. అప్పటి మా ముఠా మేస్త్రీ కంఠా పెద్దయ్య తిట్టీ కొట్టీ విసిగిపోయి, 'సరే, ఎనిమిదోది దుర్గకొకటి, లెక్కలో రాసుకోండి' అన్నాడు. అప్పటినుంచి మా ముఠాలో ఎనిమిది లేదు. ఆరున్నొకటి, దుర్గకొకటి, తొమ్మిది. కృష్ణా జిల్లా మొత్తం మీద ఇంకే ముఠా అలా లెక్కపెట్టదు."

ప్రభాకరరావు తువ్వాలు మీంచి లేచాడు. "అంటే... రెండు నెలల్నుంచి నేను అగరొత్తులు వెలిగిస్తున్నది కాయలు దొంగిలించే పిల్లకా?"

"దండం పెట్టడం మానకండి అయ్యా," అంది తులసమ్మ. "దుర్గ తిన్న చెట్లే ఇప్పుడు మీకు బాగా కాస్తున్నాయి."

ఆయన స్కూటరెక్కి లారీకి ఎదురెళ్లాడు. ఆ సాయంత్రం నుంచి అగరొత్తులు మానేశాడని కొందరు, రెండు ఎక్కువ వెలిగించాడని కొందరు అంటారు.

ఆంజనేయులు మాత్రం నవ్వలేదు. గిటారు నేల మీద పెట్టేశాడు. అతని కళ్ల ముందు కొత్తగూడెం క్వార్టరు వెనకదొడ్డి కనిపిస్తోంది. అమ్మ బొగ్గుపొడీ బంకమట్టీ కలిపి పొయ్యిలోకి ఉండలు చేసి ఎండబెట్టేది. ఎండాక బుట్టలోకి ఎత్తేది. రెండు చేతుల్లో రెండేసి ఉండలు. లాభం, రెండు, మూడు. చిన్నప్పుడు తను పక్కన కూర్చుని వినేవాడు. మామిడికాయంత ఉండే ఆ నల్లటి ఉండల్ని అమ్మ ఎందుకంత నెమ్మదిగా, సొన కారుతుందేమో అన్నట్టు తొడిమ వైపు తిప్పి వేసేదో అప్పుడు తెలియలేదు. ఉండకి తొడిమెక్కడుంది!

"అమ్మా," అన్నాడు బసవమ్మతో. "మీ కార్డు నిజమే. నేను కట్టాననుకున్నాను. కట్టలేదు, మా అమ్మ దగ్గర విన్నాను. విన్న సంగతి కూడా మర్చిపోయాను. దొంగతనం కాదనను. రేపటినుంచి ఈ పాట పాడను. అట్ట మీది మాట కొట్టేయిస్తాను."

"పాడవూ?"

"పాడనండి."

"పాడకపోతే ఆ చిల్లుకడుపు దాన్ని ఇక్కడే పొయ్యిలో పెడతాను," అంది బసవమ్మ. "ఒరేయ్, నీకు బుర్రలో కూడా బొగ్గే ఉందా? లెక్క ఎవరి సొత్తురా! గంప మాది. అందులో నువ్వేసుకున్న సరుకు నీది. ఆ దీపాలు నేను కలలో అయినా చూశానా? 'దిగినన్నీ పైకొస్తే చాలు' అని నేననగలనా? మా కాయలు పైనుంచి కిందకి వస్తాయి, మీ మనుషులు కిందనుంచి పైకి రావాలి. ఆ ముక్క నువ్వే కట్టావు. అది విన్నరోజు నాకు అన్నం సయించలేదు."

రెండు బస్సుల దారిపొడుగునా గుండె మీద పెట్టుకుని మోసిన బండ ఒకటి ఎప్పుడు జారిపోయిందో ఆంజనేయులికి తెలియలేదు. ఎవరూ కూర్చోమనకుండానే గోనె మీద కూలబడ్డాడు.

"మరి దొంగ అని ఎందుకు రాయించారండీ?"

"పాట బాగుందని రాయిస్తే ఏం చేసేవాడివి? నాలుగుసార్లు చదివి మురిసిపోయి దిండు కింద పెట్టుకునేవాడివి. దొంగ అన్నాను కాబట్టి రెండు బస్సులు మారి వచ్చావు. నాకు నీ పాట కాదు కావలసింది, నువ్వు కావాలి. ఎనిమిదోది దుర్గకొకటి అని నీకు చెప్పింది ఎవరు? అది చెప్పగలిగేది ఈ ముఠాలో మనిషి. ముఠాలోంచి పోయింది ఒక్కత్తే. ఉంగుటూరు లక్ష్మీనారాయణని చేసుకుని, పనికోసం పోతున్నామని చెప్పి, ముప్ఫై ఏళ్లయింది. ఒక్క ఉత్తరం ముక్క లేదు. బతికుందా?"

అడిగి, గుట్టలోంచి ఒక కాయ తీసి చేతిలో పట్టుకుంది.

"మా అమ్మ బతికే ఉందండి," అన్నాడు ఆంజనేయులు. "కానీ ఆవిడ పేరు రాజ్యలక్ష్మి. మా నాన్న పేరు సాంబయ్య."

బసవమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "అయితే కాదు," అంది మెల్లగా. "ఇంకెవరో. దుర్గ ఎవరికైనా నేర్పి ఉంటుంది."

ఆమె మొహం వాడిపోవడం చూస్తూ ఆంజనేయులు ఇంకేదో చూశాడు. కంపెనీ ఆసుపత్రి. కిటికీ దగ్గర కాంపౌండరు "రాజ్యలక్ష్మి, రాజ్యలక్ష్మి" అని మూడుసార్లు పిలిచినా అమ్మ తిరిగి చూడలేదు. నాలుగోసారి తనే చెయ్యి పట్టుకు లాగాడు. అమ్మకి కొంచెం చెవుడు అనుకున్నాడు ఇన్నాళ్లూ. చెవుడే అయితే వంటింట్లోంచి గని సైరను ముందు వినేది ఆమే ఎందుకవుతుంది? ఇంకొకటి. నాన్న మీద కోపమొస్తే అమ్మ పళ్లు బిగించి "లక్ష్మీనారాయణా!" అనేది. తమ ఇంట్లో ఇంత భక్తి ఉందని చిన్నప్పుడు స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకున్నాడు కూడా.

బొగ్గు బావుల్లో మారుపేరు కొత్త కాదు. చదువూ వయసూ సరిపోయినవాడి సర్టిఫికెట్టు పట్టుకుని, సరిపోనివాడు వాడి పేరుతో పనిలో చేరతాడు. కాగితంలో ఆ పేరు ఉంటే దాని పక్కన భార్య పేరూ ఉంటుంది. ఆ గడిలోకి ఇంటావిడ కూడా దూరిపోవాలి. బయటపడితే ఉద్యోగం పోతుంది. కాబట్టి పుట్టింటికి ఉత్తరం లేదు, పుట్టినూరు లేదు. నాన్న రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది. ఆ సంగతి గుర్తొచ్చి ఆంజనేయులు గొంతు తగ్గించాడు.

"ఇక్కడి మాట..."

"మా ముఠాలో మాట గంపలోంచి బయటికి పోదు," అంది తులసమ్మ. ఆమె గొంతులో వేళాకోళం లేదు.

"ఆవిడేనండి. దుర్గే. గనిలో రాజ్యలక్ష్మి అయింది. సొంత పేరు ఎక్కడా అనుకోవడానికి లేదు. ఇంట్లో కూడా లేదు. లెక్కలో మాత్రం దాచుకుంది. రోజూ పెరట్లో, ఎనిమిదో ఉండ వేసినప్పుడు తన పేరు తను పిలుచుకునేది. నేను దాన్ని అమ్మవారనుకున్నాను."

బసవమ్మ కాయ కింద పెట్టి, సొన మచ్చల చేత్తో అతని తల మీద ఒక మొట్టికాయ వేసింది. తరవాత ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

"అండీ ఏంట్రా? పెద్దమ్మా అను."

"పెద్దమ్మా."

"పళ్లున్నాయా దానికి?"

"అన్నీ ఉన్నాయి."

"అయితే రెండు గంపలు కట్టాలి. ఒకటి సరిపోదు. నేనూ వస్తాను బస్సులో."

ఆంజనేయులు ఏడవలేదు. లెక్క ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఎవరూ ఏడవకూడదు. గొంతు సవరించుకుని గిటారు తీసుకున్నాడు. పదకొండుమందీ సర్దుకు కూర్చున్నారు. అతను పాడుతుంటే కాయలు గంపల్లో పడ్డాయి. ఎనిమిదో చోటికి వచ్చేసరికి బసవమ్మ ఒక చిన్నరసాన్ని అతని ఒళ్లోకి విసిరింది.

మూడో గంప సగానికి వచ్చింది. తోట గేటు దగ్గర సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి, చంకలో పాత కాగితాల సంచీ, లోపలికి తొంగిచూసి మర్యాదగా అడిగాడు.

"ఏమండీ, కొత్తగూడెం నుంచి పాటగాడొచ్చాడని జంక్షన్లో విన్నాను. ఈ అబ్బాయేనాండీ?"

"నేనేనండి. మీరెవరు?"

"అట్ట మీద తండ్రి పేరూ, చిరునామా చూసి వెతుక్కుంటూ వచ్చాను బాబూ," అన్నాడాయన. సంచీ విప్పుతూ నవ్వాడు. "నా పేరు సాంబయ్య. రాజ్యలక్ష్మి మా ఆవిడ. మీ నాన్నగారితో చిన్న మాట ఉంది."

ఆయన సంచీలోంచి ఏం తీశాడన్నది ఇప్పుడు చెప్పను. దానికి బదులు ఈ వారం నేను అల్లిన ముక్క ఏదో ఒప్పుకుంటాను. కార్డు నిజం, బొగ్గు ఉండలు నిజం, అగరొత్తులు కూడా నిజమే. ఆంజనేయులు ఏడవలేదన్నది మాత్రం నేను కల్పించాను. పెద్దమ్మా అన్న మాట పూర్తికాకముందే ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు. బసవమ్మ లెక్క ఆపించింది. ఎత్తిన గంప గుట్టలోకి గుమ్మరించి, మళ్లీ లాభం దగ్గర్నుంచి మొదలుపెట్టించింది.